నేనేమీ కలపలేదన్నాను

మా ఆస్పత్రిలో కాన్పయి ఇంటికి వెళ్ళిపోయే తల్లులకి, పసిబిడ్డకి నీళ్ళెలా పొయ్యాలో చెప్పి పంపించే పని నాది. ఏలూరులో స్టాఫ్ నర్సుని. రోజూ పొద్దున్న పది గంటలప్పుడు మంచాల మధ్య నిలబడి ఒకటే పాఠం చెబుతాను. "ముందు బకెట్లో చన్నీళ్ళు పట్టండి. వేణ్ణీళ్ళు ఆ తరవాతే. అడుగుదాకా చెయ్యి పెట్టి కలపండి, లేకపోతే పైన కాలిపోతూ ఉంటాయి, కింద చల్లగా ఉంటాయి. వేళ్ళతో చూస్తే తెలీదు, మోచేత్తో చూడండి. తువ్వాలు, చొక్కా ముందే పక్కన పెట్టుకోండి. ఫ్యాను ఆపండి. పాలు తాగిన వెంటనే పొయ్యకండి. ఒక చెయ్యి బిడ్డ మీంచి తియ్యకండి. ఫోను మోగితే మోగనివ్వండి, కొంపలేం మునిగిపోవు."

తల్లులు బుద్ధిగా తల ఊపుతారు. పక్కనున్న పెద్దవాళ్ళు "ఎంత బాగా చెబుతారండీ మేడమ్‌గారు" అంటారు. కొత్తగా చేరిన నర్సు పిల్లల్ని మా ఇన్‌ఛార్జ్ నా దగ్గరకే పంపిస్తుంది, విని నేర్చుకోమని. వాళ్ళు పుస్తకాల్లో రాసుకుంటూ ఉంటే నాకు చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది. నర్సింగ్ కాలేజీలో కూడా ఇవన్నీ చెప్పారు, పరీక్షలో రాశాను, మార్కులూ వచ్చాయి. కానీ అవి నాకు వంటబట్టింది మా పాపకి నీళ్ళు పొయ్యడానికి వచ్చిన ఒకావిడ వల్ల. ఆవిడకి నేను చేసిన అన్యాయం ఎనిమిదేళ్ళ పాటు ఎవరికీ చెప్పలేదు. కట్టుకున్నవాడికి కూడా చెప్పలేదు.

మా అమ్మ నా పెళ్ళికి ముందే పోయింది. అందుకని నా పురుడు పుట్టింట్లో కాకుండా తాడేపల్లిగూడెంలో మా అత్తగారింట్లోనే జరిగింది. మా అత్తగారి మనసు వెన్న, నోరు మిరపకాయ. కోడలు నర్సు అని ఆవిడకి మహా గొప్ప. కూరగాయల బండి అతనితో కూడా "మా కోడలు స్టాఫ్ నర్సయ్యా, ఈ పుచ్చు వంకాయలు మాకెందుకు" అనేది. వంకాయలకీ నర్సుకీ సంబంధం ఏమిటో ఆ దేవుడికే తెలియాలి. వీధిలో ఎవరికి జ్వరం వచ్చినా నా దగ్గరకి తీసుకొచ్చి, నేను థర్మామీటరు పెడుతూ ఉంటే పక్కన నిలబడి మురిసిపోయేది. తల్లి లేనిదాన్ని కదా, ఆ మురిపెం నాకు ఎంత ముద్దుగా ఉండేదో చెప్పలేను. దాన్ని పోగొట్టుకోకూడదని ప్రాణం పెట్టేదాన్ని. ఆ తరవాత జరిగినదంతా ఆ యావ వల్లే జరిగింది.

పాప పుట్టిన పదకొండో రోజున అత్తగారు నీళ్ళు పోసే ఆవిణ్ణి కుదిర్చింది. యాభై దాటిన మనిషి. సన్నగా, నల్లగా, గట్టి చేతులతో ఉండేది. కొల్లేరు అంచున ఒక ఊరు వాళ్ళది. పొద్దున్నే ఆటోలో భీమడోలు వచ్చి, అక్కడ పాసింజరెక్కి గూడెంలో దిగేది. మా వీధిలోనూ పక్క వీధిలోనూ కలిపి నాలుగిళ్ళలో బాలింతలకీ పిల్లలకీ నీళ్ళు పోసి మధ్యాహ్నం బండికి వెళ్ళిపోయేది. మా వీధిలో బడికెళ్ళే పిల్లల్లో చాలామంది ఆవిడ కాళ్ళ మీద నీళ్ళు పోయించుకున్నవాళ్ళే. దారిలో కనబడితే "ఏవే, ముక్కు నిలబెట్టేను చూడు, ఎంత తిన్నగా వచ్చిందో" అని వాళ్ళ ముక్కులు పట్టుకుని చూసుకునేది.

మొదటి రోజే నేను నా చదువు చూపించాను. చెవుల్లో నూనె వెయ్యకూడదన్నాను. గొంతులో వేలు పెట్టి కఫం తియ్యకూడదన్నాను. ముక్కులో ఊదకూడదు, సాంబ్రాణి పొగ పెట్టకూడదు. ఒక్కొక్కటీ వేలు మడిచి మరీ చెప్పాను. వేరే ఎవరైనా అయితే మూతి ముడుచుకునేవాళ్ళు. ఆవిడ నవ్వింది.

"ఆయ్, అలాగేనండి. మీరు సదువుకున్నోరు, మీకు తెలీదా ఏంటి. ఏదీ చెయ్యను. మరి నాది కూడా ఒక మాట ఉందండి."

"ఏమిటి?"

"నేను నీళ్ళు చూసుకున్నాక బకెట్లో ఇంక చుక్క కూడా పొయ్యకూడదండి. పొయ్యాల్సొత్తే నాకు చెప్పి పొయ్యండి. మళ్ళీ చూసుకుంటాను."

నేను కూడా నవ్వాను. ఈవిడ నాకు రూల్సు పెడుతోందే అనుకున్నాను లోపల.

మావైపు పసిపిల్లకి నీళ్ళు పొయ్యడం ఇద్దరు మనుషుల పని. పోసే ఆవిడ చేతులు నూనె, సున్నిపిండితో జారుతూ ఉంటాయి. పీట మీద కూర్చుని కాళ్ళు బారచాపుకుని, వాటి మీద బిడ్డని పడుకోబెట్టుకుంటే ఇంక లేవలేదు, ఇటూ అటూ తిరగలేదు. అందుకని నీళ్ళు కాచి బకెట్లో కలిపి పెట్టడం ఇంట్లోవాళ్ళ వంతు. సరిపోయాయో లేదో చెప్పడం ఆవిడ వంతు. మోచెయ్యి ముంచి చూసేది. తరవాత మొదటి చెంబు పాప మీద కాకుండా తన కాళ్ళ మీద పోసుకునేది. "నా తోలుకి వెచ్చగా ఉంటే దాని తోలుకి వేడండి. నాకు ఏమీ తెలవకూడదు, అప్పుడే దానికి హాయి" అనేది. నర్సింగులో ఇంత సులువుగా ఎవరూ చెప్పలేదు నాకు.

ఆ హాయి నేను కళ్ళారా చూశాను. మొదటి నాలుగు రోజులు గుక్కపట్టి ఏడ్చిన పిల్ల, మూడో వారానికల్లా ఆవిడ కాళ్ళ మీద పడుకోబెట్టగానే ఒళ్ళు వదిలేసేది. నుదుటి మీద అరచెయ్యి చూరులా అడ్డం పెట్టి తలమీద పోసేది, కంట్లో చుక్క పడేది కాదు. కాళ్ళు చాపి నూనె రాస్తూ, "ఈ కాళ్ళతో ఎక్కడికెల్తావే బంగారం? గుండుగొలను ఎల్తావా, ఏలూరు ఎల్తావా? భీమడోలు దాకా ఎల్తావా? ఎల్లి మీ అమ్మకి ఏం తెత్తావు?" అని అడిగేది. పాప ఊఁ కొట్టేది. నిజంగానే కొట్టేది. చివరి చెంబు తిప్పి పోసేటప్పుడు గుమ్మంలోంచి మా అత్తగారు "శ్రీరామరక్ష" అనేది, ఆవిడ "ప్రభువా, చల్లగా చూడు" అనేది.

"మీ ప్రభువు మా పిల్లని కూడా చూస్తాడా ఏంటే?" అని అత్తగారు ఆటపట్టించేది.

"చూత్తాడండమ్మగారు. ఇద్దరు చూత్తే మరీ మంచిది కదండి, ఒకరు కునుకు తీసినా ఇంకొకరుంటారు."

ఇద్దరూ పకపకా నవ్వేవాళ్ళు. నాకు మాత్రం ఒళ్ళు మండేది. ఎందుకో ఇప్పుడు దాచను, కుళ్ళు. ఆస్పత్రిలో ఎన్ని వందల మంది పసిపిల్లల్ని కడిగానో లెక్కలేదు, నా సొంత కూతురు నా చేతుల్లో పడగానే బిగుసుకుపోయి ఏడ్చేది. మొట్టమొదట అది బోసినోటితో నవ్వింది ఆవిడ కాళ్ళ మీద. ఆవిడ "అమ్మా, రండి రండి, నవ్వుతుంది" అని కేకేస్తే, చూడడానికి వెళ్ళి కూడా "గ్యాస్ వల్ల అలా నవ్వినట్టుంటారు లే" అన్నాను. అంత దౌర్భాగ్యపు మాట అన్నాను.

పాపకి రెండో నెల నిండిన వారం అది. మంచు కురుస్తోంది. ఆ రోజు పొద్దున్నే కరెంటు పోయింది. గీజరు లేదు కాబట్టి పెద్ద గిన్నెలో గ్యాస్ పొయ్యి మీద నీళ్ళు కాచాను. సగం బకెట్లో పోసి చన్నీళ్ళు కలిపాను, మిగతా సగం పొయ్యి మీదే సలసల మరుగుతూ ఉన్నాయి. పాసింజరు ఆలస్యమై ఆవిడ అప్పుడే వచ్చింది. పీటేసుకుని కూర్చుని, మోచేత్తో చూసి, ఒక చెంబు తన కాళ్ళ మీద పోసుకుని "బానే ఉన్నాయండి" అంది. నూనె రాయడం మొదలుపెట్టింది. చలికి పాప కాళ్ళు చల్లబడ్డాయని ఆ రోజు ఇంకాస్త ఎక్కువసేపు రాసింది.

నేను వెనక నిలబడి ఉన్నాను. బకెట్టు ఆవిడకి కుడిపక్కన, కాస్త వెనగ్గా ఉంది. వేలు ముంచి చూశాను. నీళ్ళు చల్లారిపోయినట్టనిపించాయి. ఆవిడకి చెప్పాలి, చెబితే "వద్దండి, సరిపోతాయి" అంటుందేమో, అప్పుడు ఎవరి మాట నెగ్గాలి? నా పిల్ల, నా ఇల్లు, నేను నర్సుని. గబగబా వంటింట్లోకి వెళ్ళి గిన్నె తెచ్చి ఆ మరుగుతున్న నీళ్ళన్నీ బకెట్లో వంపేశాను. కలపలేదు. కలుపుదామని వంగుతూ ఉండగానే హాల్లో ఫోను మోగింది. సెలవు ఎప్పటిదాకా అని ఆస్పత్రి నుంచి అడుగుతారని రెండు రోజులుగా ఎదురుచూస్తున్నాను. పరిగెత్తాను. ఆవిడ అటు తిరిగి గుండుగొలను, ఏలూరు పాట పాడుకుంటూ ఉంది. గిన్నె చప్పుడు కూడా వినలేదు.

"హలో" అన్నాను. రెండో మాట నా నోట్లోంచి రాకముందే పాప కేక వినబడింది. పిల్లల ఏడుపులు ఎన్నో రకాలు విన్నాను, ఇది వేరు. ఏం జరిగిందో హాల్లో నిలబడే నాకు తెలిసిపోయింది.

వెళ్ళేసరికి ఆవిడ కుళాయి తిప్పి, పాప తొడ మీద చన్నీళ్ళు ధారగా పోస్తోంది. చెయ్యాల్సింది అదే. నేను పాఠాలు చెప్పేదీ అదే. కానీ ఆ క్షణంలో నేను గుమ్మం పట్టుకుని నిలబడిపోయాను. అత్తగారు పరిగెత్తుకొచ్చి "అయ్యో నా తల్లో, పేస్టు తెండి, పేస్టు రాయండి" అని కేకలు. ఆవిడే "వద్దండమ్మగారు, ఏవీ రాయొద్దు, చన్నీళ్ళే, చన్నీళ్ళే" అని ఆపింది. ఆవిడ కాళ్ళు కూడా ఎర్రగా కందిపోయి ఉన్నాయి. దాని సంగతి ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

ఎదురింటివాళ్ళ కారులో పిల్లల డాక్టరు దగ్గరకి తీసుకెళ్ళాం. తొడ పక్కన నా బొటనవేలంత బొబ్బ. "సమయానికి చన్నీళ్ళు పోశారు, మంచి పని చేశారమ్మా, లేకపోతే లోతుగా దిగేది. మానిపోతుంది, మచ్చ కొంచెం ఉండొచ్చు" అన్నారాయన నా వైపు చూసి. నర్సునని తెలుసు కాబట్టి నేనే పోశాననుకున్నారు. ఆ మెప్పు కూడా నోరు మూసుకుని తీసుకున్నాను.

మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి ఆవిడ వెనక వసారాలోనే కూర్చుని ఉంది. తడిసిన చీర ఒంటి మీదే ఆరింది. మిగతా ఇళ్ళకి వెళ్ళలేదు, బండికీ వెళ్ళలేదు. మమ్మల్ని చూడగానే లేచి "పాపకెలా ఉందండి?" అంది. అంతే, మా అత్తగారు అంతెత్తున లేచింది.

"ఎలా ఉందని అడుగుతున్నావా? కళ్ళు పోయాయా నీకు? మోచెయ్యి మొద్దుబారిపోయిందా? నర్సు కళ్ళెదురుగా పసిగుడ్డుని కాల్చేశావు కదే!"

"చూసేనండి. నా కాళ్ళ మీద పోసుకునే చూసేనండి. బానే ఉన్నాయండి మరి..." అని ఆగి, నా వైపు తిరిగింది. కోపంగా కాదు, అనుమానంగా కూడా కాదు. దారి తప్పినవాళ్ళు ఎదురొచ్చిన మనిషిని అడిగినట్టు అడిగింది. "అమ్మా, మీరేవన్నా కలిపేరాండి?"

అత్తగారు కూడా నా వైపు చూసింది. ఆ చూపులో రవ్వంత సందేహం కూడా లేదు. స్టాఫ్ నర్సు కోడలు. ఆ ఒక్క చూపు కోసం...

"లేదు. నేనేమీ కలపలేదు" అన్నాను.

గొంతు కూడా వణకలేదు. అది తలుచుకుంటేనే నాకు ఇప్పటికీ అసహ్యం వేస్తుంది.

ఆవిడ తన చేతుల వైపు చూసుకుంది. "అయితే నాదే అయ్యుంటదండి" అంది నెమ్మదిగా. "మీరు అబద్ధం ఎందుకు చెబుతారు. నాకే తెలిసుండదు." చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు మళ్ళీ వచ్చింది, పనికి కాదు. గేటు బయటే నిలబడి "పాప పాలు తాగుతుందాండి?" అని అడిగింది. "బతికే ఉంది, వెళ్ళు" అంది అత్తగారు. నేను పడగ్గదిలో కిటికీ పక్కన పాపని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నాకు గేటు కనబడుతోంది. లేచి నాలుగడుగులు వేస్తే చాలు, నాలుగే అడుగులు. వెయ్యలేదు. ఆవిడ కాసేపు నిలబడి స్టేషను వైపు వెళ్ళిపోయింది.

వారం తిరక్కుండా వీధి వీధంతా తెలిసిపోయింది. అత్తగారు చెడ్డదేమీ కాదు, నిజమనుకుని చెప్పింది, నలుగురి పిల్లల మేలు కోరి చెప్పింది. "నర్సింట్లోనే ఇలా జరిగిందంటే మాబోటివాళ్ళ గతేంటి?" అని ఒక్కొక్కరే ఆవిణ్ణి మానిపించారు. రెండిళ్ళవతల ఒక అమ్మాయికి నెలలు నిండుతున్నాయి, నీళ్ళు పొయ్యడానికి ఆవిడకి ముందే చెప్పిపెట్టుకున్నారు, వాళ్ళూ వేరేవాళ్ళని చూసుకున్నారు. ఆ తరవాత ఆవిడ మా వీధిలో కనబడలేదు.

పాపకి నేనే నీళ్ళు పొయ్యడం మొదలుపెట్టాను. పీట వేసుకుని, కాళ్ళు చాపుకుని, ముందు చన్నీళ్ళు, తరవాత వేణ్ణీళ్ళు, అడుగుదాకా చెయ్యి, మోచెయ్యి, మొదటి చెంబు నా కాళ్ళ మీద. అన్నీ ఆవిడ చేసినట్టే చేశాను. చెంబు ఎత్తగానే పిల్ల బిక్కచచ్చిపోయి కేకలు పెట్టేది. నెలన్నర పట్టింది మళ్ళీ దానికి నీళ్ళంటే భయం పోవడానికి. "పాపం, ఆ మనిషి చేసిన పనికి పిల్ల ఎంత దడుసుకుందో" అనేది అత్తగారు. నేను ఊఁ అనేదాన్ని.

తరవాత ఏలూరు వచ్చేశాం, ఉద్యోగంలో చేరాను, తల్లులకి పాఠాలు చెప్పే పని నాకు అప్పజెప్పారు. అబద్ధానికి కాళ్ళు లేవంటారు, ఎవరన్నారో గానీ నా అబద్ధం ఎనిమిదేళ్ళు శుభ్రంగా నడిచింది. అప్పుడప్పుడు బస్సు గుండుగొలను దాటుతుంటే కిటికీ వైపు చూసేదాన్ని కాదు. అంతకు మించి నేను అనుభవించిన శిక్ష ఏమీ లేదు.

ఈ ఏడాది ఎండాకాలం సెలవుల్లో ఒక సాయంత్రం మా అమ్మాయి, పక్కింటి అమ్మాయి మేడ మీద నీళ్ళ తొట్టిలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నారు. నేను బట్టలు తియ్యడానికి వెళ్ళాను. ఆ అమ్మాయి దీని తొడ మీద మచ్చ చూసి అదేమిటని అడిగింది. "నేను చిన్నప్పుడు ఒకావిడ నన్ను కాల్చేసింది" అంది మా అమ్మాయి, కథ చెప్పే గొంతుతో. "నీళ్ళు పొయ్యడానికి వచ్చేది. చూసుకోకుండా వేడి వేడి నీళ్ళు పోసేసింది. మా అమ్మ నర్సు కదా, వెంటనే చన్నీళ్ళు పోసి నన్ను బతికించింది."

వాళ్ళ నాయనమ్మ దగ్గర విన్న కథే, ఎక్కడో మధ్యలో నన్ను దేవతని కూడా చేసేశారు. ఆ చన్నీళ్ళు కూడా ఆవిడ దగ్గర లాగేసుకున్నాం. మా పిల్ల రేపు తన పిల్లలకి కూడా ఇదే చెబుతుంది.

పక్కింటి అమ్మాయి వెళ్ళాక దాన్ని దగ్గర కూర్చోబెట్టుకుని ఉన్నదున్నట్టు చెప్పాను. గిన్నె, ఫోను, లేదన్న మాట, అన్నీ. ఎనిమిదేళ్ళ పిల్ల ముందు తలెత్తలేకపోయాను. అది మచ్చ వైపు చూసుకుంది.

"ఆవిడకి చెప్పావా?"

"లేదు."

"ఎందుకు?"

కారణం ఒక్కటే, భయం. అది కూడా చెప్పాను.

ఆవిడ ఊరి పేరు మా అత్తగారికే తెలుసు. ఆ ఆదివారం గూడెం వెళ్ళి అడిగితే "ఇప్పుడెందుకే ఆవిడ ఊరు?" అంది. చెప్పాను. తిడుతుందనుకున్నాను, నాలుగు తగిలిస్తుందేమో అని కూడా అనుకున్నాను. అత్తగారు కుర్చీలో కూలబడి పైట కొంగు నోట్లో కుక్కుకుంది. "నా చేత అనిపించావు కదే" అంది. "ఇంటింటికీ తిరిగి నా నోటితో నేను చెప్పానే. నా నోటితో..." తరవాత లేచి ఊరి పేరు చెప్పి, "వెళ్ళు. ఇవాళే వెళ్ళు. ఇక్కడ నేను చెప్పినవాళ్ళందరికీ మళ్ళీ నేనే చెబుతాను" అంది. నేను బస్‌స్టాండు వైపు నడుస్తుంటే అప్పటికే ఎదురింటి గేటు తడుతోంది ఆవిడ.

గుండుగొలనులో బస్సు దిగి ఆటో ఎక్కాను. రెండు పక్కలా చేపల చెరువులు. మధ్యలో గట్టు మీద దారి. ఎండ మండిపోతోంది, నీళ్ళ వాసన, మేత వాసన. ఏం చెప్పాలో దారంతా కూడబలుక్కున్నాను, ఆటో దిగేసరికి ఒక్క ముక్క గుర్తు లేదు.

రేకుల ఇల్లు. ముందు పందిరి కింద కూర్చుని ఆవిడ చింతపండు గింజలు తీస్తోంది. జుట్టు మొత్తం తెల్లబడింది. నన్ను చూసి ఒక్క క్షణం కళ్ళు చికిలించి, చటుక్కున లేచింది.

"నర్సమ్మగారాండి! రండి రండి. పాప బాగుందాండి? మచ్చ పోయిందాండి?"

మొదటి మాటే అది. మంచం వాల్చి కూర్చోమంది. నేను కూర్చోలేదు. నిలబడే చెప్పేశాను, మధ్యలో ఆపితే ఇంక చెప్పలేనని ఊపిరి తీసుకోకుండా చెప్పాను. ఆవిడ కాళ్ళు పట్టుకోబోతే "లెగండి, లెగండి, అదేంటండి" అని వెనక్కి జరిగింది.

"ఎన్ని నీళ్ళండి?" అంది.

"గిన్నెలో సగం. మరుగుతున్నవి."

"పోసి కలపలేదాండి?"

"లేదు."

"అదీ సంగతి" అంది ఆవిడ. "పైన వేడి నీళ్ళే ఉన్నాయన్నమాట. నేను చెంబు పైపైన ముంచేను. నా కాళ్ళ మీద పోసుకున్నప్పుడు బానే ఉన్నాయే, ఇంతలో ఎలా కాలేయి, ఎలా కాలేయి అని... ఎన్నిసార్లనుకున్నానో నాకే తెలీదండి." అరచేతులు రెండూ ముందుకు చాపి చూసుకుంది. చింతపండు అంటుకుని ఉన్నాయి. "నా చేతుల్లో స్పర్శ చచ్చిపోయిందనుకున్నానండి. ఇంకెవరికీ పొయ్యలేదు. ఎవరడిగినా ఎల్లలేదు."

"మా వీధిలోనేనా? మీ ఊళ్ళో కూడానా?"

"ఎక్కడా పొయ్యలేదండి. ఆ తరవాత ఏడాదే మావోడికి పెళ్ళయింది, ఇద్దరు ఆడపిల్లలండి. కోడలు ఎన్నిసార్లడిగిందో. ఊరందరి పిల్లలకీ పోసేవు, నీ మనవరాళ్ళకి పొయ్యవేంటత్తా అని ఏడ్చింది కూడా. నాకు ధైర్యం చాల్లేదు. పక్కింటావిణ్ణి పిలిచి పోయించేను. నేను గుమ్మంలో నిలబడి చూసేదాన్ని. ఇద్దర్లో ఒక్కదానికి కూడా..." ఆగిపోయింది. "ఇంక పిల్లలొద్దని కోడలికి ఆపరేషన్ కూడా అయిపోయిందండి."

ఆవిడ పని పోగొట్టానని తెలుసు, పేరు పోగొట్టానని తెలుసు. వాటికి క్షమాపణ చెప్పుకుందామని వచ్చాను. ఈ సంగతి నా ఊహకే అందలేదు. తల్లీ, క్షమించు అనే మాట దీని ముందు ఎంత చిన్నదో అప్పుడు తెలిసింది.

అప్పుడే చిన్న మనవరాలు ఆటల్లోంచి వచ్చింది. ఐదేళ్ళుంటాయి, ఒళ్ళంతా మట్టి. నన్ను వింతగా చూసి, తువ్వాలు భుజాన వేసుకుని ఇంటి పక్కన తడకల స్నానాలగది వైపు నడిచింది. ఆవిడ గబుక్కున లేచింది. చింతపండు చేతులు కడుక్కుంది, కొంగుకి తుడుచుకుంది, ఆ పిల్ల వెనకే వెళ్ళింది.

"ఆగవే. ఇవాళ నేను పోత్తాను నీళ్ళు."

"నువ్వా?" ఆ పిల్ల వెనక్కి తిరిగి ఫక్కున నవ్వింది. "ఛీ, నాకు సిగ్గు. నేను పెద్దదాన్నయ్యాను నాన్నమ్మా, నేనే పోసుకుంటాను."

తడక దగ్గరకి లాగేసుకుంది. లోపల చెంబు బకెట్లో మునిగిన చప్పుడు వినబడింది. ఆవిడ తడక ముందు నిలబడి, తడిచేతులు అలాగే పెట్టుకుని, నా వైపు తిరిగింది.

"చూసేరాండి" అంది.

తిట్టినా బాగుండేది.